నర్సరీ బిళ్ళగన్నేరు నెల తిరక్కుండా పోతోంది, గోడ పగుల్లోది మాత్రం రాజాలా ఉంది. ఎందుకు?

మాధవి_మిద్దెతోట
ఇది మూడోసారి, ఇక ఓపిక లేదు. జూన్ మొదట్లో ఆరు బిళ్ళగన్నేరు మొక్కలు తెచ్చాను, నర్సరీల్లో వింకా అంటారే అవి. పువ్వు ఒక్కోటి చిన్న సాసరంత ఉంది, రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గుండ్రంగా, మధ్యలో ఎర్రచుక్క. ఒక్కోటి 80 రూపాయలు. పది అంగుళాల కుండీల్లో కోకోపీట్, వర్మీకంపోస్ట్, వేపపిండి కలిపి పెట్టాను, పొద్దునా సాయంత్రం నీళ్ళు. మూడో వారంలో వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున చూస్తే ఒక కొమ్మ వాలిపోయి ఉంది. దాహమేమో అని ఇంకో మగ్గు పోశాను. సాయంత్రానికి మొక్క మొత్తం తల వేలాడేసింది. కాండం మొదట్లో నల్లగా, వేలితో నొక్కితే నానిన అగరుబత్తిలా మెత్తగా ఉంది. పది రోజుల్లో ఆరూ పోయాయి.

ఒళ్ళు మండేది దీనికి కాదు. మా పిట్టగోడకి బయటివైపు, డ్రైనేజీ పైపు పక్కన సిమెంటు పగుల్లో ఒక దేశవాళీ గులాబీరంగుది ఉంది. ఎవరూ నాటలేదు, చుక్క నీళ్ళు పోయలేదు. మే నెల ఎండలో కూడా పూసింది. ఇప్పుడు వానలోనూ పూస్తోంది. నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

నిద్రపట్టని_సుబ్బు
మీరు పెట్టింది మొక్క కాదండీ, కొత్తల్లుడు. పొద్దున వడ్డన, సాయంత్రం వడ్డన, వద్దంటే ఇంకో మగ్గు. అరక్క పోయాడు.

మాధవి_మిద్దెతోట
సుబ్బు గారూ, 480 రూపాయలు పోయిన బాధలో ఉన్నాను, అయినా నవ్వొచ్చింది.

కుండీల_రాజు
నర్సరీవాళ్ళ మోసం ఇది. హార్మోన్లు కొట్టి పూయించి అమ్ముతారు, నెలలో చచ్చేలా చేస్తారు, మళ్ళీ కొంటామని. దేశవాళీ పెట్టుకోండి, గొడవ ఉండదు.

కడియం_కుర్రోడు
రాజన్నా, నెలలో చచ్చిపోయే మొక్క అమ్మితే రెండోసారి మా దగ్గరికి ఎవరొస్తారు? మా నాన్న ముప్పై ఏళ్ళుగా కడియపులంకలో ఇదే పని. జరిగేది చెప్తా, వినండి. ఆ పెద్దపూల రకాలు హైబ్రిడ్ విత్తనం. గుంటల ట్రేలో, కోకోపీట్‌లో, షేడ్‌నెట్ కింద పెరుగుతాయి. పైన పాలిథిన్ ఉంటుంది, వాన ఆకు మీద పడదు, నీళ్ళు కొలతగా పడతాయి. అలా పెరిగిన పిల్లని తెచ్చి సరిగ్గా తొలకరి ముందు డాబా మీద నిలబెడితే ఏమవుతుంది? వింకాని జూన్‌లో కొనొద్దని మా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళకీ చెప్తాం. వినరు, ఎందుకంటే జూన్‌లోనే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి.

మాధవక్కా, అసలు తప్పు మీ మట్టి దగ్గర ఉంది. కోకోపీట్ ఎంత కలిపారు?

మాధవి_మిద్దెతోట
సగానికి పైనే. డాబాకి బరువు తగ్గాలని. మిద్దెతోట వీడియోలన్నిట్లో అదే చెప్తారు కదా తమ్ముడూ.

కడియం_కుర్రోడు
వంకాయకీ టమాటాకీ అయితే సరే. దీనికది తడిగుడ్డ. పైన ఎండినట్టు కనిపిస్తుంది, వేలు రెండు కణుపులు లోపలికి దించి చూస్తే చల్లగా తగుల్తుంది. ఆ చల్లదనమే దీన్ని చంపేది.

బోటనీ_మేడం
ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఈ పువ్వుని కోసి చూపించి రిటైరయ్యాను కాబట్టి కాస్త పెద్ద పోస్టు పెడతాను, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

ఈ మొక్క మనది కాదు. మన గోడల మీద, గుళ్ళ దగ్గర, రైలు పట్టాల పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది కాబట్టి మనదే అనుకుంటాం. సొంతూరు మడగాస్కర్ దీవి. అక్కణ్ణించి ఓడల మీద ఉష్ణదేశాలన్నీ తిరిగింది. లిన్నేయస్ 1759లో దీన్ని వింకా రోజియా అన్నాడు. అసలు వింకాలు యూరప్‌లో పాకే వేరే మొక్కలు, అందుకని తర్వాత కాథరాంథస్ రోజియస్ అని పేరు మార్చారు. నర్సరీవాళ్ళు మాత్రం ఇప్పటికీ పాత పేరే పట్టుకుని కూర్చున్నారు. మన గన్నేరు, నందివర్ధనం కుటుంబమే, అపోసైనేసి. మనం ఏడాది మొక్కలా పీకి పారేస్తాం గానీ నిజానికి ఇది చిన్న పొద. వదిలేస్తే అడుగు కాండం కట్టెబారి మూడడుగులు లేస్తుంది.

ఇక చావు సంగతి. మాధవి చెప్పిన లక్షణాలు, నల్లబడిన మొదలు, ఒక కొమ్మతో మొదలై మొత్తం వాలడం, ఇవి ఫైటాఫ్తోరా కుళ్ళుకి సరిపోతాయి. అది బూజులా ఉంటుంది గానీ అసలు బూజు జాతి కాదు. దాని బీజాలకి తోకలుంటాయి, నీళ్ళలో ఈదుతాయి. మట్టి రేణువుల మధ్య నీళ్ళు నిలిచి ఉంటే చాలు, వేరు దాకా ఈదుకుంటూ వచ్చేస్తాయి. వాన చినుకు పడి మట్టి చింది ఆకుకి అంటితే పైనుంచి కూడా మొదలవుతుంది. వేరు కుళ్ళాక మొక్క నీళ్ళు తాగలేదు, అందుకని దాహంతో వాలినట్టే వాలుతుంది. మనం చూసి అయ్యో పాపం అని ఇంకో మగ్గు పోస్తాం, ఈదేవాటికి చెరువు తవ్వి ఇచ్చినట్టు. కుండీ తడిగా ఉండి మొక్క వాలిందంటే మగ్గు కింద పెట్టేయాలి.

నిద్రపట్టని_సుబ్బు
మేడం, తోకలున్నాయని చెప్పి మంచి పని చేశారు, ఈ రాత్రి కూడా నిద్రపట్టదు.

హ్యూస్టన్_శ్రావణి
మేడం చెప్పింది నూటికి నూరు పాళ్ళు. ఇక్కడ మాది బంకమట్టి, వాన పడితే రెండు రోజులు దిగదు. వచ్చిన కొత్తలో ఏప్రిల్‌లో వరసగా 24 మొక్కలు పెట్టాను ముందు వైపు, ఒక్కటీ మిగల్లేదు. పక్కింటావిడ చెప్పింది, నేల వెచ్చబడే దాకా, అంటే మే సగం దాటే దాకా వీటిని పెట్టకూడదని. తర్వాతి ఏడాది మట్టిని అడుగు ఎత్తు పోసి, కోరా అనే రకం పెట్టాను, ఆ కుళ్ళు రోగాన్ని తట్టుకునేలా తయారుచేసిన రకం. ఆగస్టులో మా గడ్డి కూడా మాడిపోయింది గానీ అవి మాత్రం పూస్తూనే ఉన్నాయి. స్ప్రింక్లర్ ఆపేసి, మొదట్లో మాత్రమే నీళ్ళు పడేలా డ్రిప్ పెట్టాను. ఆకు తడవకూడదు, అదే కీలకం.

కుండీల_రాజు
అంటే రోగం తట్టుకునే రకం అమెరికాలో అమ్ముతారు, మనకి చచ్చేవి అమ్ముతారు. నేను చెప్పిందే కదా.

కడియం_కుర్రోడు
అన్నా, ఆ విత్తనం ఇక్కడా దొరుకుతుంది, ధర ఎక్కువ. 80 రూపాయల మొక్కకే బేరమాడి 50కి అడిగేవాళ్ళకి ఏ విత్తనం వేయాలి?

రాయలసీమ_రైతుబిడ్డ
మా అనంతపురం వైపు దీన్ని పొలంలో వేశాం, తోటలో కాదు. మీరంతా పూల గురించి మాట్లాడుతున్నారు, మాకు వేరు కావాలి. వేర్లో రక్తపోటు మందుకి పనికొచ్చే పదార్థం ఉంటుందని, ఆకు కూడా మందుల కంపెనీలకి పోతుందని చెప్పి ఒకాయన ఊళ్ళో మీటింగ్ పెట్టాడు. లక్నోలో మందుమొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ ఉంది కదా, వాళ్ళ నిర్మల్ రకం, తెల్లపూలది. ఎర్ర గరప నేల, రెండెకరాలు. మొక్క గురించి ఒక్క మాట చెడ్డగా చెప్పను. వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా ఇది నిలబడింది. గొర్రెలు, మేకలు, అడవిపందులు ఏవీ ముట్టలేదు, కంచె ఖర్చు లేదు. ఏడాదికి వేరు తవ్వాం. తవ్వే రోజు ఆయన ఫోన్ ఎత్తలేదు. ఎండిన వేరు బస్తాలు రెండేళ్ళు కొట్టంలో ఉన్నాయి, చివరికి సగం ధరకి పోయాయి. వేయాలనుకునేవాళ్ళు ముందు కొనేవాణ్ణి చూసుకోండి, తర్వాత విత్తనం చూసుకోండి.

మాధవి_మిద్దెతోట
చదివి బాధేసింది అన్నా. నా 480 గురించి ఇక మాట్లాడను.

ఓడలో_ప్రసాద్
మేడం మడగాస్కర్ పేరెత్తారు కాబట్టి. నేను ఇంజిన్ రూమ్ మనిషిని, మొక్కల గురించి తెలియదు. దీవి దక్షిణాన ఎహోఆలా అని రేవు ఉంది, ఊరు తొలాన్యారో, పాత పేరు ఫోర్ డోఫాన్. ఖనిజం ఇసుక లోడింగ్‌కి అక్కడ నాలుగు రోజులున్నాం. ఊళ్ళోకి నడుస్తుంటే రోడ్డు పక్కన ఇసుకలో మా అమ్మ తులసికోట పక్కన పెట్టిన పువ్వే. ఫోటో తీసి పంపితే అమ్మ నమ్మలేదు, 'మనూరి పువ్వు అక్కడెందుకు ఉంటుందిరా' అంది. ఇప్పుడు తెలిసింది, అక్కడి పువ్వే మా ఊళ్ళో ఉందని.

చూసింది చూసినట్టు చెప్తా. మోకాలెత్తు పొదలు, కింది కాండం వేలు లావు, ఆకులు మన దగ్గర కన్నా చిన్నవి, దళసరివి. సముద్రం గాలి నిలబడనివ్వదు. మెరక ఇసుక, చెప్పులోకి పోతే కాలు కాలేంత వేడి. జీపులో కొండ దాటి పడమటికి వెళ్ళాం ఒకరోజు, అటు మొత్తం ముళ్ళ అడవి, వాన లేని నేల.

మాధవి_మిద్దెతోట
అంటే అది ఎడారి మొక్క లాంటిదన్నమాట. నీళ్ళు పూర్తిగా మానేయాలా?

ఓడలో_ప్రసాద్
అదే చెప్పబోతున్నా మాధవి గారూ. నేను పువ్వు చూసిన రేవు వైపు వాన బాగానే పడుతుంది, మేమున్న నాలుగు రోజుల్లో రెండు రోజులు లోడింగ్ ఆపేశారు వాన వల్ల. వాన ఆగిన పావుగంటకి ఆ ఇసుక మీద బూటు జాడ కూడా తడిగా లేదు. నీళ్ళు పడతాయి, నిలవవు.

బోటనీ_మేడం
ప్రసాద్, మా క్లాసులో ఉండాల్సినవాడివి. మాధవీ, నీ ప్రశ్నకి జవాబు ఇదే. నీ పిట్టగోడ పగుల్లో పడ్డ వాన ఎంతసేపు ఉంటుంది? పైపు పక్కన అరచేతి లోతు సున్నం, ఇసుక, ధూళి. నీళ్ళు వచ్చినంత వేగంగానే కిందికి జారిపోతాయి. దానికి అది మడగాస్కరే.

కుండీల_రాజు
సరే మొక్క సంగతి పక్కన పెట్టండి, అసలు ఉపయోగం ఎవరూ చెప్పలేదు. దేశవాళీ బిళ్ళగన్నేరు పూలు రోజూ పరగడుపున ఐదు నమిలితే షుగర్ మాయం. మా బాబాయి మాత్రలు మానేశాడు. వేలు పోసి మందులు కొనే బదులు గోడ మీద మొక్క చాలు.

మందులషాపు_మూర్తి
రాజు గారూ, దయచేసి ఇలాంటివి రాయకండి. మా షాపుకి ఒక పెద్దాయన వచ్చేవాడు, ఇలాగే ఎవరో చెప్పారని ఆకు రసం మొదలుపెట్టి మాత్రలు ఆపాడు. రెండు నెలల తర్వాత కాలికి పుండు పడి వచ్చాడు, షుగర్ 400 దాటింది. ఈ మొక్కలో ఉన్నవి మామూలు పదార్థాలు కావు. మేకలు ముట్టనిది ఊరికేనా?

కుండీల_రాజు
మందులషాపు వాళ్ళు అలాగే అంటారు. మా బాబాయి కళ్ళముందు ఉన్నాడు.

నిద్రపట్టని_సుబ్బు
బాబాయి మాత్రలు మానేశాడన్నారు, షుగర్ చూపించుకున్నాడా లేక అది కూడా మానేశాడా?

బోటనీ_మేడం
సుబ్బు అడిగింది సరైన ప్రశ్న. ఇందులో ఒక కథ ఉంది, రాజుకి కూడా నచ్చుతుంది, ఎందుకంటే అది కూడా షుగర్ ఆకుతోనే మొదలవుతుంది. జమైకా దీవిలో ఈ ఆకు కషాయం షుగర్‌కి తాగేవారు. 1952లో అక్కణ్ణించి కొన్ని ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే ఆయన దగ్గరికి చేరాయి. ఆయన ఎలకలకి తాగించి చూశాడు, షుగర్ తగ్గలేదు. రసాన్ని సూదితో ఎక్కించి చూశాడు. షుగర్ అప్పుడూ తగ్గలేదు గానీ ఎలకలు ఇన్ఫెక్షన్లు వచ్చి చచ్చిపోయాయి. ఎందుకని చూస్తే రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. షుగర్ కోసం వెతికేవాడు ఇంకొకడైతే అక్కడితో ఆపేసేవాడు. ఆయన మాత్రం, తెల్లకణాలు తగ్గించేది ఏదో ఇందులో ఉంటే, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కి పనికిరాదా అని ఆలోచించాడు. చార్లెస్ బీర్ అనే ఆయనతో కలిసి దాన్ని విడదీశారు, 1958లో బయటపెట్టారు, విన్‌బ్లాస్టిన్. అదే రోజుల్లో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీ వాళ్ళు కూడా ఇదే మొక్క మీద పనిచేస్తున్నారు, వాళ్ళ వైపు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది, 1963లో అనుమతి దొరికింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారు.

రాజూ, ఆ ఐదు పూలలో షుగర్ మందు ఉందో లేదో పక్కన పెట్టు, తెల్లకణాలని పడగొట్టేవి ఆ మొక్కలో ఉన్నాయి. వందకి పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్కల రసాయనాలు, ఉన్నాయి. ఏ ఆకులో ఏది ఎంత ఉందో నువ్వు నమిలి చెప్పగలవా?

లక్ష్మి_ఒంగోలు
ఎప్పుడూ చదవడమే గానీ రాయను ఇక్కడ. మా పాపకి నాలుగేళ్ళప్పుడు ఆ జబ్బు వచ్చింది. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఎక్కించేవారు, చిన్న సిరంజి, రంగులేని నీళ్ళు, నిమిషంలో అయిపోయేది. అయిపోగానే పాప 'ఇంతేనా' అనేది. తర్వాత పాదాలు తిమ్మిర్లు, మెట్లు ఎక్కలేకపోయేది, మలబద్ధకం, కొన్నాళ్ళు పాదం ముందుభాగం ఎత్తలేక కాలు ఈడుస్తూ నడిచింది. అవన్నీ తగ్గాయి. ఇప్పుడు ఏడో తరగతి. మందు బిళ్ళగన్నేరు నుంచి వస్తుందని నర్సమ్మ చెప్తే నమ్మలేదు, మా వీధి చివర కాలవ గట్టు మీద బోలెడు ఉంటుంది అది. టన్నుల లెక్కన ఎండుటాకు పోస్తే గ్రాముల లెక్కన వస్తుందని తర్వాత తెలిసింది. నమలడం మాత్రం చేయొద్దు రాజు గారూ. కొలిచి, బరువు చూసి, రక్తం పరీక్ష చూసి ఎక్కిస్తేనే పాపకి అంత కష్టమైంది.

కుండీల_రాజు
పాప బాగుండాలి అమ్మా. బాబాయిని రేపు ల్యాబుకి తీసుకెళ్తాను.

చెన్నైలో_మనవాడు
కాస్త తేలిక మాట. ఇక్కడ దీన్ని నిత్యకల్యాణి అంటారు, అదే మొక్కని సుడుకాట్టు మల్లి అని కూడా అంటారు, అంటే శ్మశానం మల్లె. ఒకే పువ్వుకి పెళ్ళీ చావూ రెండు పేర్లు. మా ఓనరమ్మ మొదటి పేరు పిలిచి గుమ్మం పక్కన పెట్టింది, పక్కింటావిడ రెండో పేరు పిలిచి తీయించమంటోంది. అద్దెకుండేవాణ్ణి, ఎవరి పక్షం తీసుకోవాలి?

భీమిలి_గాలి
మా నాయనమ్మ కూడా వాకిట్లో వద్దనేది. సమాధుల మధ్య ఎవరూ చూడకపోయినా బతుకుతుంది కదా, ఆ పేరు అలా వచ్చుంటుంది. మా అమ్మ మాత్రం శివుడికి రోజూ ఇవే పెడుతుంది, ఇంకేవీ ఈ ఉప్పుగాలికి బతకవని.

నాదో వేరే సమస్య. నా తెల్ల బిళ్ళగన్నేరుకి ఆకులు రానురాను బియ్యపుగింజంత అయిపోయాయి, చీపురులా గుబురుగా వస్తున్నాయి. పూలు తెల్లగా రాకుండా ఆకుపచ్చగా వస్తున్నాయి! కొత్త రకం పుట్టిందని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టాను, అందరూ కొమ్మ అడుగుతున్నారు.

బోటనీ_మేడం
ఎవరికీ ఇవ్వకు! అది ఫైటోప్లాస్మా రోగం, బాక్టీరియా లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పువ్వు ఆకుగా మారిపోవడం దాని లక్షణం. రసం పీల్చే దీపపు పురుగుల్లాంటి చిన్న పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి. మందు లేదు. వేరుతో సహా పీకి కవర్లో కట్టి పారేయి. ఇప్పటికే ఇచ్చి ఉంటే వాళ్ళకీ చెప్పు.

భీమిలి_గాలి
ముగ్గురికి ఇచ్చాను. ఇక లిఫ్టులో తల దించుకునే ఎక్కాలి.

కుండీల_రాజు
నా దానికి నిన్న ఒక పురుగు కనిపించింది. బొటనవేలంత లావు, లేతాకుపచ్చ, తల వెనక రెండు నీలం కళ్ళు, ముట్టుకుంటే తల వంచి ఆ కళ్ళు చూపించి భయపెట్టింది. నిజం చెప్తున్నా, వెనక్కి గెంతాను. రాత్రికి రాత్రి ఒక మొక్క బోడి చేసింది.

బోటనీ_మేడం
అవి కళ్ళు కావు, మచ్చలు. గన్నేరు మీద వచ్చే, సీతాకోకచిలుక లాంటి పెద్ద రెక్కల పురుగుది ఆ గొంగళి, ఆ విషం దానికి పడుతుంది. మందు కొట్టకు, పుల్లతో ఎత్తి గన్నేరు చెట్టు మీద వదులు. మొక్క మళ్ళీ చిగురేస్తుంది.

మాధవి_మిద్దెతోట
అందరూ తలోటి చెప్పారు, ఇప్పుడు నేనేం చేయాలో ఎవరైనా ఒకేచోట చెప్పండి. ఈసారి కొనను, ఆ గోడ మొక్క విత్తనాలతోనే మొదలుపెడతాను. కాయలు ఎలా ఉంటాయో కూడా తెలియదు.

కడియం_కుర్రోడు
పువ్వు రాలిన చోట పచ్చని సన్నకాయలు జంటగా నిలబడి ఉంటాయి, అంగుళం పొడవు, మినీ బెండకాయల్లా. పచ్చదనం పోయి పసుపు గోధుమ రంగుకి తిరగ్గానే కోయాలి. ఒక్కరోజు ఆగితే కాయ పక్కన చీలి గింజలు రాలిపోతాయి. నల్లటి గింజలు, ఆవాల కన్నా చిన్నవి. కాగితంలో కట్టి వారం ఆరనివ్వండి.

మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు సగం పాలు. కోకోపీట్ గుప్పెడు, అదీ బరువు బాధ ఉంటేనే. పాత కుండీల మట్టి వాడొద్దు, రోగం అందులోనే కూర్చుని ఉంటుంది. కుండీ అడుగు చిల్లులు చూడండి, సాసర్ తీసేయండి, రెండు ఇటుక ముక్కల మీద పైకి లేపండి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇంకోటి, గింజలు పైన చల్లి వెలుతుర్లో పెడతారు. దీనికి మొలకెత్తడానికి చీకటి కావాలి. పావు అంగుళం మట్టి కప్పి, పైన అట్టముక్క వేయండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి, మొలవగానే అట్ట తీసేయాలి. తర్వాత కనీసం ఆరు గంటల ఎండ. నాలుగు జతల ఆకులు వచ్చాక కొస తుంచితే గుబురు వస్తుంది. వానల్లో కుండీలు సన్‌షేడ్ కిందికి జరపండి.

హైబ్రిడ్ల గింజలు దాచి ఉపయోగం లేదు, తల్లిలా రావు. గోడదాని గింజలైతే ఢోకా లేదు.

హ్యూస్టన్_శ్రావణి
ఎరువు ఎక్కువ వేయకండి మాధవి గారూ. నేను ఒక ఏడాది గడ్డి ఎరువు వేస్తే అన్నీ ఆకులే, పువ్వు లేదు.

రాయలసీమ_రైతుబిడ్డ
బోరు నీళ్ళు పోసేవాళ్ళకి ఒక మాట. మా ఉప్పు నీళ్ళకి లేత ఆకులు పసుపుబారేవి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండేవి. అది రోగం కాదు, ఇనుము అందకపోవడం. వాననీళ్ళు పట్టి పోస్తే తేరుకున్నాయి.

మందులషాపు_మూర్తి
వాలడం మొదలైన మొక్కకి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన కుళ్ళు మందు పొడి లీటరుకి రెండు గ్రాములు కలిపి మొదట్లో పోయమంటారు కదా, అది పనిచేస్తుందా కడియం బాబూ?

కడియం_కుర్రోడు
పక్క మొక్కలకి ముందుగా పోస్తే పనిచేస్తుంది మూర్తిగారూ. వాలినదానికి పోస్తే డబ్బు దండగ. పీకేయడమే.

మాధవి_మిద్దెతోట
మూడు వారాల తర్వాత వచ్చాను. పిట్టగోడ మీదికి వంగి కాయలు కోయడానికి మా ఆయన నా నడుం పట్టుకుని నిలబడ్డారు, కింద వాచ్‌మన్ 'మేడం దూకొద్దు' అని అరిచాడు. తొమ్మిది కాయలు దొరికాయి. కడియం తమ్ముడు చెప్పిన మట్టే కలిపాను, అట్టముక్క కప్పాను. ఎనిమిదో రోజు ఎత్తి చూస్తే తెల్లటి మెడలు వంచుకుని పదిహేడు మొలకలు! ఇప్పుడు రెండేసి ఆకులు. వేలు లోపలికి దించి చల్లగా తగిలితే నీళ్ళు లేవు. మూడు రోజులకోసారే పోస్తున్నాను. మా ఆయన మాత్రం మగ్గు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు, 'కొంచెం పోద్దామా' అని.

కుండీల_రాజు
బాబాయి షుగర్ 310 వచ్చింది. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాడు. మూర్తిగారికి చెప్పమన్నాడు.

మందులషాపు_మూర్తి
మంచి పని చేశారు రాజు గారూ. మూడు నెలల సగటు పరీక్ష కూడా చేయించండి.

నిద్రపట్టని_సుబ్బు
మాధవి గారి పోస్టు చదివి నేనూ మా కాలనీ పార్కులో నాలుగు కాయలు కోశాను. జేబులో వేసుకుని మర్చిపోయాను. చొక్కా ఉతుక్కి వెళ్ళింది, గింజలన్నీ పోయాయి.

కడియం_కుర్రోడు
చొక్కా ఎక్కడ ఉతికారు సుబ్బన్నా, మెషీన్లోనా?

నిద్రపట్టని_సుబ్బు
కాదు తమ్ముడూ, పెరట్లో బండ మీద. మా ఆవిడ చొక్కా విదిలించి నీళ్ళు పారబోస్తుంది పక్కన కంకర మీదికి.

కడియం_కుర్రోడు
అయితే ఇంకేం చేయకండి. దీపావళికి ఆ కంకర ఫోటో పెట్టండి.